పుస్తకం మారినప్పుడల్లా లక్ష్యం మారుతోందా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. కథలూ నవలలూ ముట్టదు, నాన్‌ఫిక్షనే చదువుతుంది. మొదట తిమింగలాల మీద పరిశోధన చేస్తానంది. తర్వాత భూకంపాలంది. ఇప్పుడు మెదడు డాక్టర్ అవుతానంటోంది. ప్రతి పుస్తకం పూర్తయ్యాక ఐదు పాఠాలు రాయిస్తున్నాను. అయినా నిలకడ రావడం లేదు. ఇలాంటి పుస్తకాలా, వ్యక్తిత్వ వికాస పుస్తకాలా, కెరీర్‌కు ఏవి మేలు? మంచివి కొన్ని చెప్పండి. - ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది పుస్తకాల గురించే అయినా, మీ భయం మాత్రం అమ్మాయి దేనిమీదా నిలబడదేమోనని. అదే భయంతో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. పదహారేళ్లకు మూడు విషయాలు మనసు పట్టుకోవడం చపలత్వం కాదు. ఏదీ పట్టుకోని పిల్లల విషయంలోనే నాకు నిద్ర పట్టదు.

విద్యుత్ శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న మైకేల్ ఫారడే పద్నాలుగేళ్లకు పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరాడు. బైండింగుకు వచ్చినవి వచ్చినట్టు చదివాడు. అందులో ఒక విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు మీద ఉన్న వ్యాసం ఉంది, జేన్ మార్సెట్ రాసిన రసాయనశాస్త్ర సంభాషణలూ ఉన్నాయి. 1812లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, తాను రాసుకున్న నోట్సును తనే బైండు చేసి ఆయనకు పంపాడు. మరుసటి ఏడాది ప్రయోగశాలలో సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. ఆ నోట్సు ఎవరూ రాయించింది కాదు.

మీ ఐదు పాఠాల సంగతికి వస్తాను. దయచేసి ఆపండి. చదువు అయిపోయాక ఇంట్లో ఆమెకు మిగిలిన ఒకే ఒక్క స్వేచ్ఛను మీరు హోంవర్కుగా మార్చారు. ఇంకొన్నాళ్లు పోతే ఆమె మీకు కనబడకుండా చదువుతుంది, లేదా మానేస్తుంది. మొదటిది జరిగితే అదృష్టమనుకోండి.

వ్యక్తిత్వ వికాస పుస్తకాల మీద నాకున్న అనుమానాలు దాచుకోను. పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులవుతారన్న మాట మీరూ వినే ఉంటారు. 2008లో రచయిత మాల్కమ్ గ్లాడ్‌వెల్ పుస్తకం 'అవుట్‌లయర్స్'తో అది ఇంటింటికీ చేరింది. దాని వెనక ఉన్నది మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో వయొలిన్ విద్యార్థుల మీద ప్రచురించిన అధ్యయనం. అందులో పదివేలు అనేది దాటితే నిపుణులైపోయే గీత కాదు. ఇరవై ఏళ్ల వయసుకు అత్యుత్తమ బృందం చేసిన సాధన సగటు అది. ఆ బృందంలోనే కొందరు అంతకంటే తక్కువ చేశారు. ఈ తేడాను ఎరిక్సనే తర్వాత స్పష్టం చేశాడు. కానీ ఆ అంకెతో పిల్లలను కూర్చోబెట్టి గంటలు లెక్కపెట్టిన తండ్రులను నేను చూశాను. విజయం సాధించిన వాళ్ల అలవాట్లు ఏరి చూపించే పుస్తకాలు, అవే అలవాట్లుండీ ఓడిపోయిన వాళ్ల గురించి సాధారణంగా మాట్లాడవు. నా అభ్యంతరమంతా అక్కడే.

అలాగని పేరున్న శాస్త్రవేత్తలు రాసినవన్నీ వేదం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్‌కు నోబెల్ వచ్చింది. 2011లో ఆయన రాసిన 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' నాకు ఇష్టమైన పుస్తకం. అందులో ఒక అధ్యాయం ఆధారపడిన కొన్ని ప్రయోగాలు తిరిగి చేస్తే నిలబడలేదు. వాటిని అతిగా నమ్మానని 2017లో ఆయనే ఒప్పుకున్నాడు. పుస్తకం కొనివ్వండి, ఈ సంగతీ చెప్పి ఇవ్వండి. తప్పు ఒప్పుకునే పెద్దవాళ్లను ఆమె పుస్తకాల్లోనైనా చూడాలి.

ఇక నేనిచ్చే పుస్తకాలు. మెదడు అంటోంది కాబట్టి నాడీ వైద్యుడు ఆలివర్ శాక్స్ 1985 నాటి 'ద మ్యాన్ హూ మిస్టుక్ హిజ్ వైఫ్ ఫర్ ఎ హ్యాట్'. అందులో రోగి ఒక కేసు కాదు, మనిషి. దానితో పాటు సర్జన్ అతుల్ గవాండే 'కాంప్లికేషన్స్' తప్పక ఇవ్వండి. శిక్షణలో ఉండగా రోగి ఛాతీలోని పెద్ద సిరలోకి గొట్టం ఎక్కించడం తనకు ఎన్నిసార్లు చేతకాలేదో ఆయన దాచకుండా రాశాడు. అది చదివాక కూడా డాక్టర్ అవుతానంటే ఆ మాటకు బరువుంటుంది. ఫారడే పిల్లలకిచ్చిన ఆరు ఉపన్యాసాలు 1861లో 'ద కెమికల్ హిస్టరీ ఆఫ్ ఎ క్యాండిల్' పుస్తకంగా వచ్చాయి, అంతా ఒక్క కొవ్వొత్తి చుట్టూనే తిరుగుతుంది. చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్ 'ఇన్ ద షాడో ఆఫ్ మ్యాన్' కూడా ఇవ్వండి. 1960లో ఆమె డిగ్రీ లేకుండానే అడవికి వెళ్లింది, చింపాంజీలు దగ్గరికి రానివ్వక నెలల తరబడి దూరం నుంచే చూసింది. నిలకడ అంటే ఏమిటో మీ అమ్మాయికి మీకన్నా నాకన్నా ఆమే బాగా చెబుతుంది.

ఏవి మేలని పోల్చమన్నారు. పోలికకు నాకున్న కొలబద్ద ఒకటే: ఆ పుస్తకం పనిని చూపిస్తోందా, ఫలితాన్ని మాత్రమే చూపిస్తోందా? తిమింగలాలు, భూకంపాలు, మెదడు - మూడింటిలోనూ కంటికి నేరుగా కనబడని దాన్ని సంకేతాల ద్వారా పట్టుకోవాలి. ఆమెను లాగుతున్నది అదేనేమో అడిగి చూడండి. కాకపోతే తనే చెబుతుంది, మీరు మధ్యలో సరిదిద్దకుండా వింటే.

నిలకడగా చదవాలని సగంలో ఆపిన పుస్తకాలను బలవంతంగా పూర్తి చేయించకండి. అల్మారాలోంచి తీసేయకండి కూడా. ముఖ్యంగా ఆ తిమింగలాల పుస్తకాన్ని.