పియానో ముందు కూర్చున్న మనిషి

ప్రశ్న: అమెరికన్ గాయని కారోల్ కింగ్ ఆల్బమ్ 'టాపెస్ట్రీ' వినమని అందరూ ఒకటే పోరు పెడితే మొత్తం కూర్చుని విన్నాను. పాటలు బానే ఉన్నాయి గానీ ఆవిడ గొంతు అంత గొప్పగా ఏమీ లేదు, పై స్థాయికి వెళ్తే జీర కూడా వస్తోంది. దీనికి ఇంత పేరేమిటండీ? లోపం నా చెవుల్లోనే ఉందా?

జవాబు: మీ చెవులకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ జీర నిజంగానే ఉంది, నాకైతే అదే ఇష్టం. 1971 ఫిబ్రవరిలో ఈ ఆల్బమ్ విడుదలైన రోజుకి ఆవిడకి 29 నిండి ఒక్కరోజు. కానీ అప్పటికే పదేళ్లకు పైగా వేరేవాళ్ల కోసం పాటలు కడుతోంది. పాట అమ్మాలంటే తనే పియానో వాయిస్తూ పాడి ఒక డెమో చేసేది, అది విని అసలు గాయకులు నేర్చుకునేవాళ్లు. డెమో అంటే తెలుసుగా, పక్కన బ్యాండ్ ఉన్నా లేకపోయినా పాట ఎలా నడవాలో పియానో ఒక్కటే చెప్పెయ్యాలి, ఎడమ చెయ్యి బేస్ సంగతి చూసుకోవాలి, కుడి చెయ్యి మిగతావన్నీ. నిర్మాత లూ ఆడ్లర్‌కి ఆ డెమోలంటే మహా ఇష్టం. ఆల్బమ్‌లో కూడా ఆవిడ మన ఎదురుగా పియానో దగ్గర కూర్చుని పాడుతున్నట్టే ఉండాలని పట్టుబట్టాడు. అందుకే ఇందులో గొంతుకి మెరుగులు పెట్టలేదు.

ఒక పని చెయ్యండి. 'నేచురల్ ఉమన్' పాట రెండు రకాలుగా వినండి. ఇది ఆవిడా, అప్పటి భర్త జెర్రీ గాఫిన్ కలిసి రాసిందే, 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడింది. అక్కడ వెనక ఆర్కెస్ట్రా, కోరస్, ఆ మహాకంఠం. దానితో పోటీ పడాలని చూస్తే ఎవరికైనా భంగపాటే. కింగ్ అసలు పోటీకే దిగలేదు. ఆల్బమ్ చివర్లో ఆ పాట పెట్టి, డ్రమ్స్ తీసేసి, పియానో, బేస్ మాత్రం ఉంచుకుని, సొంత ఇంట్లో పాడుకున్నట్టు పాడేసింది.

'విల్ యు లవ్ మి టుమారో' సంగతి ఇంకా బాగుంటుంది. 1960లో షిరెల్స్ అనే అమ్మాయిల బృందం పాడినప్పుడు అది హుషారైన పాట, దానికి బాణీ కట్టిన కింగ్‌కి అప్పుడు 18 ఏళ్లు. రేపు కూడా నన్ను ప్రేమిస్తావా అని అడిగే ఆ పాటనే ఇక్కడ బాగా నెమ్మది చేసి పాడింది, మధ్యలో గాఫిన్‌తో పెళ్లి, పిల్లలు, విడాకులు అన్నీ అయిపోయాయి. మాటలు అవే. కానీ ఈసారి జవాబు ముందే తెలిసిన మనిషి అడుగుతున్నట్టుంటుంది. వెనక గొంతులు కలిపింది గాయకులు జేమ్స్ టేలర్, జోనీ మిచెల్, అది కూడా గమనించండి.

ఇక పేరు సంగతి అంటారా, అమెరికాలో వరసగా 15 వారాలు నంబర్ వన్, 1972లో నాలుగు గ్రామీ అవార్డులు. నిజం చెప్పాలంటే ఆ లెక్కలు చూసి ఎవరికీ పాట నచ్చదు.

ప్రశ్న: పియానో నేర్చుకుంటున్నాను, ఏడాదైంది. ఈ ఆల్బమ్‌లో ఏ పాటతో మొదలుపెట్టమంటారు?

జవాబు: అందరూ 'యు హ్యావ్ గాట్ ఎ ఫ్రెండ్' మీద పడతారు. ఆవిడ వాయించిన శృతి ఏ-ఫ్లాట్ (A♭), అంటే నాలుగు ఫ్లాట్లు, నాలుగు నల్ల మెట్లు, ఏడాది చేతికి చిరాకు పుడుతుంది. 'ఇట్స్ టూ లేట్' పట్టుకోండి. చరణం చాలాభాగం రెండు కార్డ్‌ల (కలిపి నొక్కే స్వరాల) మధ్యే ఊగుతుంది, ఏ-మైనర్ సెవెన్ (Am7), తర్వాత డి (D). కోరస్ రాగానే బి ఫ్లాట్ మేజర్ సెవెన్‌కి జారుతుంది చూడండి, అక్కడ గది కిటికీ ఎవరో తెరిచినట్టుంటుంది. తొందరపడి గట్టిగా కొట్టకండి. అన్నట్టు, ఆ పాట మాటలు కింగ్‌వి కావు, టోనీ స్టెర్న్ రాసింది. కింగ్ తన సొంత విడాకుల గురించే రాసుకుందని చాలామంది అనుకుంటారు గానీ బాణీ మాత్రమే ఆవిడది.

ప్రశ్న: ఫోన్‌లో షఫుల్ పెట్టి వింటే తప్పా?

జవాబు: తప్పని కాదు గానీ ఒకసారైనా వరసలో వినండి, మొత్తం 12 పాటలే, ముప్పావు గంట కూడా పట్టదు. ఎల్‌పీ రోజుల్లో 'వే ఓవర్ యాండర్' తర్వాత లేచి రికార్డు తిరగెయ్యాలి, ఆ పాట అయ్యాక ఆ కాస్త విరామం నిజంగా కావాలి కూడా. 'స్మాక్‌వాటర్ జాక్' మాత్రం మీ ఇష్టం. నేను ఇన్నేళ్లుగా దాటేస్తూనే ఉన్నాను, దాని అభిమానులు నన్ను తిట్టుకున్నా సరే.