ఆకులు లేని చెట్టు మీద అన్ని పక్షులెందుకు?

ప్రశ్న: వసంతంలో ఉదయపు నడకకు వెళ్లినప్పుడు, ఆకులు లేకుండా నిండా పూసిన మోదుగ, బూరుగ చెట్ల మీద పక్షులు గుంపులుగా వాలడం చూశాను. కారణమేమిటి?

జవాబు: ఆ చెట్లు ఆకులు రాల్చి, కొత్త చిగురు తొడగక ముందే పూస్తాయి కనుక, ఆకుల చాటు లేని పూలు దూరానికే కనబడతాయి. పక్షులు ఎరుపును చక్కగా గుర్తిస్తాయి; అందువల్ల ఈ పూలలోని మకరందం కోసం గోరువంకలు, కాకులు, తేనెపిట్టలు వచ్చినప్పుడు, వాటి తలకు, ముక్కుకు అంటిన పుప్పొడి మరో పువ్వును చేరి పరాగ సంపర్కం జరుగుతుంది. చిలుకలు మాత్రం తరచుగా పువ్వునే తుంచి పారేస్తాయి. వాటిని సాయపడే అతిథులుగా లెక్కించడం కష్టమే! సూర్యోదయమైన తొలి గంటలో, చెట్టుకు కాస్త దూరంగా కదలకుండా నిలబడితే, వచ్చిన పక్షి తాగుతున్నదో తుంచుతున్నదో మీరే గుర్తించగలరు.