భర్త ఫీల్డ్ పోస్టింగ్‌కి వెళ్తే క్వార్టర్స్‌లో ఒంటరిగా ఉండగలమా? అక్కడి ఆడవాళ్ళు నిజంగా తోడుంటారా?

నువ్వు అడిగింది ఏంటంటే, పెళ్ళయి ఎనిమిది నెలలు, ఆర్మీలో ఉన్న మీ ఆయనకి ఫీల్డ్ పోస్టింగ్, అంటే కుటుంబాన్ని తీసుకెళ్ళలేని చోటికి పోస్టింగ్ వచ్చింది, ఇంకో ఇరవై రోజుల్లో వెళ్ళిపోతారు, అత్తగారేమో ఊరికి వచ్చేయమంటున్నారు, నీకేమో క్వార్టర్‌లో ఉండి ఏదైనా చదువుకోవాలని ఉంది, కానీ భాష రాదు, ఎవరూ తెలీదు, అక్కడి ఆడవాళ్ళు నిజంగా సాయం చేస్తారా లేక పైపైన మాట్లాడి వదిలేస్తారా అని. నాకన్నా చాలా చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు చెల్లీ.

మాది శ్రీకాకుళం జిల్లా. మా ఆయన హవల్దారు. యూనిట్ పేరు, ఇప్పుడు ఎక్కడున్నారు ఇలాంటివి రాయను, నువ్వు కూడా ఆన్‌లైన్‌లో ఎక్కడా రాయకు, ఇది అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది. నా సమాధానం అయితే ఒక్కటే, క్వార్టర్ దొరికే అవకాశం ఉంటే ఉండు. ఎందుకు అంటున్నానో నాకు జరిగినవి చెప్తా.

2013లో నేను మొదటిసారి పంజాబ్‌లో బఠిండా వెళ్ళా. అప్పటికి నాకు హిందీలో వచ్చిన ముక్కలు హై, నహీ, కిత్నా, అంతే. రైలు దిగి నల్ల ట్రంకు పెట్టెలతో క్వార్టర్‌కి వెళ్ళేసరికి సాయంత్రం అయింది, గ్యాస్ ఇంకా రాలేదు, ఇల్లంతా దుమ్ము. ఎదురింటి ఆవిడ, మహారాష్ట్రలో సతారా వాళ్ళు, నేను భాభీ అనేదాన్ని, తలుపు కొట్టి ఒక స్టీలు గిన్నెలో శనగపిండి కూర, పైన నాలుగు రొట్టెలు పెట్టి ఇచ్చి వెళ్ళిపోయింది. ఏమందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మన ఇళ్ళల్లో ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదంటారు కదా, రెండ్రోజులకి గ్యాస్ వచ్చాక పులిహోర చేసి అదే గిన్నెలో పట్టుకెళ్ళా. ఆవిడ మళ్ళీ ఖాళీగా ఇవ్వలేదు. ఇలా ఆ గిన్నె ఇటూ అటూ తిరుగుతూనే నాకు హిందీ వచ్చింది. గిన్నె అంచు మీద వాళ్ళ అత్తగారి పేరు చెక్కించి ఉండేది, ఆ అక్షరాలు చూపించి చదవడం కూడా నేర్పింది.

నెలకోసారి ఫ్యామిలీ వెల్ఫేర్ మీటింగ్ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు లేచి తమ గురించి చెప్పాలి. నాకు ఆ మాట వినగానే జ్వరం వచ్చినట్టయింది. భాభీ వారం రోజులు తను రొట్టెలు ఒత్తుతూ నాచేత నాలుగు వాక్యాలు అనిపించింది, తప్పు పలికితే అప్పడాలకర్ర ఆపి చూసేది, సరిగ్గా అంటే మళ్ళీ ఒత్తేది. మీటింగ్‌లో చెప్పగలిగా. చిన్న విషయమే, కానీ ఆ తర్వాత నేను క్యాంటీన్‌కి, స్కూల్‌కి, బ్యాంకుకి ఒక్కదాన్నే వెళ్ళడం మొదలుపెట్టా.

మా వాడికి పదకొండు నెలలప్పుడు మా ఆయన వాళ్ళు ఫైరింగ్ ఎక్సర్‌సైజ్‌కి రాజస్థాన్‌లో మహాజన్ రేంజ్‌కి వెళ్ళారు. రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో పిల్లాడికి జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి, కళ్ళు పైకి వెళ్ళిపోయి ఒళ్ళంతా బిగుసుకుపోయింది, నేను వాడ్ని ఎత్తుకుని ఎదురింటి తలుపు కాలితో తన్నాను, చేతులు ఖాళీ లేవు మరి. ఆవిడ వాడ్ని నా చేతుల్లోంచి తీసుకుని పక్కకి తిప్పి పడుకోబెట్టింది, పై ఫ్లోర్ హర్యానా ఆవిడ అరుపులు విని దిగొచ్చి ఎంఐ రూమ్‌కి, అంటే యూనిట్ దవాఖానాకి ఫోన్ చేసింది, అంబులెన్స్ వచ్చింది. నేను చెప్పులు లేకుండా ఎక్కేశా. భాభీ మాత్రం ఎక్కే ముందు మా ఇంట్లోకి వెళ్ళి బీరువా మీద ఉన్న ప్లాస్టిక్ ఫైల్ తెచ్చింది, పిల్లాడి బర్త్ సర్టిఫికెట్, నా డిపెండెంట్ కార్డు అందులోనే ఉన్నాయి. ఆ ఫైల్ ఎక్కడ పెట్టానో ఆ నిమిషంలో నాకే గుర్తు లేదు, ఆవిడకి తెలుసు. తన ఇద్దరు పిల్లల్నీ హర్యానా ఆవిడ దగ్గర వదిలేసి తెల్లారేదాకా ఎంహెచ్‌లో, అంటే మిలిటరీ హాస్పిటల్లో నా పక్కనే కూర్చుంది. జ్వరం వల్ల వచ్చే ఫిట్సేనని డాక్టర్ చెప్పారు, పొద్దున్నకి వాడు పాలు తాగాడు. మా ఆయనకి కబురు అందేసరికి వాడు ఇంటికి కూడా వచ్చేశాడు.

ఆ ఫైల్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నా లెక్కలో ఆడవాళ్ళు ఒకరికొకరు చేసుకునే పెద్ద సాయం కన్నీళ్ళు తుడవడం కంటే ఈ కాగితాల విషయంలోనే. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా పార్ట్ టూ ఆర్డర్ పడాలి, అంటే ఆ మార్పు ఆర్మీ రికార్డుల్లో ఎక్కించే ఆర్డర్, అప్పుడే రికార్డ్స్‌లో నువ్వు భార్యవి, వాడు కొడుకు. మన తెలుగువాళ్ళకి ఇక్కడే పెద్ద తలనొప్పి. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, ఒకచోట పొట్టి అక్షరం, ఒకచోట పూర్తిగా, ఆధార్‌లో చివర. నా పేరు పెళ్ళి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, మా ఆయన రికార్డ్స్‌లో ఇంకోలా ఉంది, దాంతో పిల్లాడి ఆర్డర్ నెలల తరబడి వెనక్కి వచ్చేది. క్లర్క్ చెప్పింది నాకు అర్థమయ్యేది కాదు. భాభీ కూర్చోబెట్టి అన్ని కాగితాలూ నేల మీద పరిచి, ప్రతి దాంట్లో నా పేరు కింద పెన్సిల్‌తో గీత గీసి చూపించింది, అప్పుడు అర్థమైంది మూడు కాగితాల్లో నేను ముగ్గురు మనుషుల్లా ఉన్నానని. అఫిడవిట్ చేయించి ఆధార్ మార్పించాక పని అయింది. ఇప్పుడు మా బ్లాక్‌కి కొత్త అమ్మాయి ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది అదే, కాగితాలు పట్టుకురా అమ్మా అని. నువ్వు కూడా మీ ఆయన వెళ్ళేలోపు నీ పేరు అన్నిట్లో ఒక్కలా ఉందా చూసుకో, జాయింట్ అకౌంట్ ఉందా, ఇన్సూరెన్స్‌లో నామినీ పెళ్ళికి ముందు రాసిందే ఉందా మార్చారా అడుగు. ఇవి అడిగితే అశుభం అనుకుంటారు మనవాళ్ళు. అడగకపోతే జరిగేది నేను చూశాను. మా బ్లాక్‌లో ఒక అమ్మాయి భర్త సర్వీసులోనే పోయారు, నామినేషన్ పాతదే ఉంది, దుఃఖంలో ఉన్న పిల్ల ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. వారానికి ఇద్దరం చొప్పున వంతులేసుకుని ఆమెతో వెళ్ళాం, ఒకరు ఆమె పాపని స్కూల్ నుంచి తెచ్చేవాళ్ళు.

2019లో మా ఆయనకి లద్దాఖ్ వైపు పడింది, నేను పిల్లలతో సికింద్రాబాద్‌లో సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్‌కి వచ్చా. ఎస్ఎఫ్ఏ అంటారు, భర్తలు ఫీల్డ్‌లో ఉన్న కుటుంబాల కోసమే. బ్లాక్ మొత్తం మీద మగవాళ్ళు కనిపించేది సెలవులకి వచ్చినప్పుడే. అక్కడ బల్బు మార్చడం దగ్గర్నుంచి క్వార్టర్ల రిపేర్లు చూసే ఎంఈఎస్ వాళ్ళకి కంప్లైంట్ రాయించడం దాకా అన్నీ ఆడవాళ్ళమే.

2020 జూన్ 16 మధ్యాహ్నం గల్వాన్ వార్త, లద్దాఖ్‌లో చైనా సైన్యంతో ఘర్షణ జరిగిందని టీవీలో వచ్చింది. మొదట ముగ్గురు అన్నారు, ఒక కల్నల్, ఇద్దరు జవాన్లు. కల్నల్ సంతోష్ బాబు గారు సూర్యాపేట ఆయన అని తెలిసేసరికి మా తెలుగువాళ్ళందరికీ కాళ్ళు ఆడలేదు. రాత్రికి ఇరవై మంది అన్నారు. పేర్లు లేవు. మా బ్లాక్‌లో లద్దాఖ్‌లో భర్తలున్నవాళ్ళం ఆరుగురం, ఎవరికీ ఫోన్ కలవట్లేదు. ఊళ్ళ నుంచి మాత్రం ఆగకుండా ఫోన్లు, మా అత్తగారు అయితే ఏడుస్తూనే ఉన్నారు. కింద ఫ్లోర్‌లో గఢ్వాల్ ఆవిడ, వాళ్ళాయన సూబేదార్, మా అందరికన్నా పెద్దావిడ, ఇరవై ఏళ్ళుగా ఇవన్నీ చూసినావిడ, పైకి వచ్చి ముందు టీవీలు కట్టేయించింది. ఏదైనా ఉంటే యూనిట్ నుంచి మనిషి వస్తాడు, టీవీ చెప్పదు, వాట్సాప్ చెప్పదు, ఎవ్వరూ ఏదీ ఫార్వర్డ్ చేయొద్దు అని గట్టిగా చెప్పింది. కరోనా రోజులు కదా, మామూలుగా అయితే దూరం దూరంగా ఉండేవాళ్ళం, ఆ రాత్రి మాత్రం మెట్ల మీదే అందరం కూర్చున్నాం, పిల్లల్ని లోపల పడుకోబెట్టి తలుపులు తెరిచి పెట్టాం. ఆవిడ పెద్ద గిన్నెతో టీ పెట్టి తెచ్చింది. ఎవరి ఫోన్ మోగినా ఆరుగురం లేచి నిలబడేవాళ్ళం. మా ఆయన ఫోన్ మూడో రోజు వచ్చింది, పదిహేను సెకన్లు, బాగున్నా అన్నారు, కట్ అయింది. ఆ పదిహేను సెకన్ల కోసం నేను అత్తగారింట్లో ఉండి ఎదురు చూసి ఉంటే ఏమయ్యేదాన్నో చెప్పలేను. అక్కడ అందరూ నన్ను ఓదార్చేవాళ్ళు, అది నిజమే. కానీ ఈ మెట్ల మీద నన్ను ఎవరూ ఓదార్చలేదు, అందరిదీ ఒకటే పరిస్థితి కాబట్టి ఏమీ అనక్కర్లేకపోయింది.

ఆవా గురించి కూడా చెప్పాలి. మొదట ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్ అనేవారు, ఇప్పుడు ఆర్మీ విమెన్ వెల్ఫేర్ అసోసియేషన్ అంటున్నారు, 1966 నుంచి ఉంది, ఆర్మీ చీఫ్ గారి భార్య ప్రెసిడెంట్‌గా ఉంటారు. కుట్టు, కంప్యూటర్ లాంటి క్లాసులు, వీర నారీలకి, అంటే అమరులైన జవాన్ల భార్యలకి సాయం, మామూలు స్కూల్లో చదవలేని పిల్లల కోసం ఆశా స్కూళ్ళు, ఇవి వాళ్ళవే. నేను టైలరింగ్ అక్కడే నేర్చుకుని ఇప్పుడు బ్లౌజులు కుడుతున్నా. నువ్వు చదువుకోవాలన్నావు కాబట్టి వెళ్ళగానే ఏ క్లాసులు నడుస్తున్నాయో అడుగు. అయితే ఉన్న మాట చెప్పాలి, మీటింగుల్లో ర్యాంకు కనిపిస్తుంది, ఎవరు ముందు వరసలో కూర్చోవాలి, ఎవరు డ్యాన్స్ ప్రాక్టీస్‌కి రావాలి, పసిపిల్ల ఉన్నా రమ్మనడం, ఇవన్నీ ఉన్నాయి, నాకు అవి నచ్చలేదు, ఇప్పటికీ నచ్చవు. భర్తల ర్యాంకు భార్యలకి రాకూడదని నా అభిప్రాయం. మంచి ఆఫీసర్ మేడమ్‌లూ ఉన్నారు, నా పిల్లాడు హాస్పిటల్లో ఉన్నాడని తెలిసి పొద్దున్నే తనే వచ్చిన ఆవిడని మర్చిపోను. కానీ అర్ధరాత్రి తలుపు తీసేది మాత్రం ఎదురింటావిడే, ఆమెతో స్నేహం ముందు చేసుకో.

ఇంకో మాట, చీటీలు వేయొద్దు. మనకి అలవాటు కదా, పదిమంది ఆడవాళ్ళు కలిస్తే చీటీ మొదలుపెడతాం. పోస్టింగ్ ఆర్డర్ వస్తే ఒకరు అస్సాం, ఒకరు జోధ్‌పూర్ వెళ్ళిపోతారు, డబ్బులతో పాటు స్నేహం కూడా పోతుంది. పిల్లల్ని చూసుకో, కూర ఇచ్చిపుచ్చుకో, డబ్బు మాత్రం వద్దు. ఇంటి గొడవలు కూడా అందరికీ చెప్పకు, ఒక్కరికి చెప్పుకో చాలు.

మీ అత్తగారిది భయం, తప్పు పట్టకు. మా అత్తగారూ అలాగే అన్నారు, ఒంటరి ఆడది ఊరు కాని ఊళ్ళో ఎలా ఉంటుందని. నేను ఆవిడని నెల రోజులు రమ్మని నాతో పెట్టుకున్నా. గఢ్వాల్ ఆవిడ, మా అత్తగారు ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ కలిసి ఎండలో మిరపకాయలు ఆరబెట్టుకునేవాళ్ళు. ఊరెళ్ళాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నువ్వు కూడా మొదటి నెల తీసుకెళ్ళు.

ఎస్ఎఫ్ఏ అందరికీ వెంటనే రాదు, స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌లో వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది, పోస్టింగ్ ఆర్డర్ పెట్టి యూనిట్ ద్వారా అప్లై చేయాలి. ఆయన ఫీల్డ్‌కి వెళ్ళిపోయాక అక్కడి నుంచి కాగితాలు కదలాలంటే చాలా టైమ్ పడుతుంది. ఇరవై రోజులే ఉన్నాయన్నావు కాబట్టి సోమవారం ఆఫీస్ తెరవగానే ఆయన చేత అప్లికేషన్ పెట్టించు, సికింద్రాబాద్ పడితే ఇక్కడ కింద రాయి, బ్లాక్ నంబర్ మాత్రం రాయకు, నేనే అడిగి కనుక్కుంటా.