వైజాగ్‌కి గూగుల్ వస్తోంది కదా, మా పాపను ఏఐలో చేర్చమంటారా?

ప్రశ్న: మాది గాజువాక. ఒక ప్లాంటులో కాంట్రాక్టు కింద పనిచేస్తున్నాను. మా పాప ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఎలక్ట్రికల్ తీసుకుంటానంటోంది. గూగుల్, టీసీఎస్ వైజాగ్‌కే వస్తున్నాయి కాబట్టి మేనేజ్‌మెంట్ కోటాలో అయినా సరే, ఏఐ అండ్ డేటా సైన్స్‌లో చేరమని నేనంటున్నాను. నాలుగేళ్ల తర్వాత ఇక్కడ దేనికి డిమాండ్ ఉంటుందో, రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి. ఆడపిల్లను హైదరాబాద్, బెంగళూరు పంపే ఉద్దేశం లేదు.

జవాబు: పంపే ఉద్దేశం లేదని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు గానీ, మీ లెక్కంతా దాని మీదే నడుస్తోంది. కోర్సు ఏదైనా ఫరవాలేదు, ఉద్యోగం మాత్రం ఇంటి నుంచి వెళ్లొచ్చేలా ఉండాలి. పెద్ద కంపెనీలు ఇక్కడికే వస్తున్నాయి కాబట్టి ఇక బెంగ లేదు. కౌన్సెలింగ్ సీజన్లో నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఇదే మాట అంటున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ పేపర్లో వచ్చిన అంకె చూసి బ్రాంచి ఎంచుకోవడం మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరమే ఉంది.

2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం రుషికొండ దగ్గర 21.16 ఎకరాలు 99 పైసలకు టీసీఎస్‌కు ఇచ్చినప్పుడు 12 వేల ఉద్యోగాలన్నారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఏఐ డేటా సెంటర్ కోసం ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామంది. అవి రావాలనే నేనూ కోరుకుంటున్నాను. అయితే ప్రకటనలో చెప్పే ఉద్యోగం వేరు, ఫలానా చదువున్నవాళ్లు ఇంతమంది కావాలని కంపెనీ వేసే నోటిఫికేషన్ వేరు. ఆ 12 వేలలో కొత్తగా డిగ్రీ పట్టుకొచ్చేవాళ్లు ఎందరు, హైదరాబాద్ ఆఫీసు నుంచి సొంతూరికి బదిలీ అడిగి వచ్చే మనవాళ్లు ఎందరు అన్నది ప్రకటనలో కనపడదు.

దాన్ని విడదీసి చూసేవే లేబర్ మార్కెట్ అధ్యయనాలు. ఒక ప్రాంతంలో ఏ పనికి ఎంతమంది కావాలి, ఏ పని తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారు, ఎక్కడ రిటైర్ అవుతున్నారు, నిరుడు పాసైన పిల్లలు ఇప్పుడు ఎక్కడ తేలారు అని ఇల్లిల్లూ, కంపెనీ కంపెనీ అడిగి లెక్క తీస్తారు. ఐటీఐలో ఏ ట్రేడుకు సీట్లు పెంచాలి, ఏ రూటులో బస్సులు వెయ్యాలి, పనిచేసే అమ్మాయిలకు హాస్టళ్లు ఎక్కడ కట్టాలి అన్న నిర్ణయాలు వాటి మీద ఆధారపడాలి. రిటైర్‌మెంట్ల లెక్క కూడా జాగ్రత్తగా చూడాలి. ప్లాంట్లలో 1980ల్లో చేరినవాళ్లు దిగిపోయినంత మాత్రాన అన్ని పర్మనెంట్ పోస్టులు ఖాళీ అయినట్టు కాదు. ఆ కుర్చీలో కాంట్రాక్టు మనిషి కూర్చోవచ్చు. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు.

దేశం మొత్తానికి పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే అని 2017 నుంచి నడుస్తోంది. 2025 జనవరి నుంచి నెలనెలా లెక్కలిచ్చేలా దాన్ని మార్చారు, శాంపిల్‌ను జిల్లాల వారీగా తీయడం మొదలుపెట్టారు. మంచి మార్పే. అయినా మీ పాప విషయంలో అది తేల్చేది తక్కువ. వారం పద్ధతిలో చూసే లెక్కలో, ఆ వారంలో ఏదో ఒక రోజు ఒక గంట పనిచేసినా పనిలో ఉన్నట్టే. బీటెక్ చదివి పార్శిళ్లు తిప్పుతున్న కుర్రాడూ, కొలువులో ఉన్న ఇంజనీరూ ఇద్దరూ ఉపాధి ఉన్నవాళ్ల కిందికే వస్తారు.

నన్నడిగితే అంతకంటే పనికొచ్చేది ఒక పాత ఫారం. 1959 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల చట్టం ప్రకారం 25 మందీ, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థలు మూడు నెలలకోసారి ఈఆర్-1 అని ఒక రిటర్న్ పంపాలని నియమం పెట్టారు. కంచరపాలెం ఎక్స్ఛేంజీలో కార్డు రెన్యువల్‌కి లైన్లో నిలబడినవాళ్లలో దీని సంగతి ఎందరికి తెలుసు? ఎంతమంది పనిచేస్తున్నారు, ఎన్ని ఖాళీలొచ్చాయి అన్నవి రాశాక, తగినవాళ్లు దొరక్క నింపలేకపోయిన పోస్టులేవో రాయడానికి అందులో ఒక భాగం ఉంటుంది. మొత్తం ఫారంలో ఆ భాగానికే ఎక్కువ విలువ. కంపెనీ దాన్ని మొక్కుబడిగా నింపి పంపితే, నాలుగేళ్ల తర్వాత ఈ ఊళ్లో ఏ సీటు ఎక్కువైందో, ఏ పనివాడు కరువయ్యాడో ఎవరికీ తెలియదు. ఇప్పుడా చట్టాన్ని 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు, ఎక్స్ఛేంజీలను అందులో కెరీర్ సెంటర్లన్నారు. పేరేదైనా ఆ సమాచారం జనానికి అర్థమయ్యేలా బయట పెట్టాలని నా గట్టి కోరిక. పెడితే మీలాంటి తండ్రికి కాలేజీ బ్రోషర్ మీద ఆధారపడే గతి పట్టదు.

ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా మూడైంది. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. మీకు దగ్గరే కాబట్టి ఒకసారి పొద్దున షిఫ్టు వేళకి కూర్మన్నపాలెం జంక్షన్లో నిలబడి చూడండి. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, మెడలో ఐడీ కార్డు వేసుకుని కంపెనీ బస్సు కోసం చూసేవాళ్లంతా ఒక జిల్లాలో నిద్రలేచి ఇంకో జిల్లాలో పనిచేసి వస్తున్నారు. జిల్లా గీత దగ్గర లెక్క ఆపేస్తే పనివాళ్లు ఒకవైపు, పని ఇంకోవైపు పడిపోతాయి. నీతి ఆయోగ్ 2023లో ముంబయి, సూరత్, వారణాసితో పాటు మన విశాఖను ఎంచుకుని, చుట్టుపక్కల జిల్లాలతో కలిపి ఒకే ఆర్థిక ప్రాంతంగా చూడటం మొదలుపెట్టింది. మీరూ అలాగే చూడండి. వైజాగ్‌లో ఉద్యోగం అంటే మీ మనసులో రుషికొండ కొండ మీది అద్దాల భవనం ఒక్కటే మెదులుతోంది. అటు భోగాపురం నుంచి ఇటు నక్కపల్లి దాకా ఉన్నదంతా మీ పాపకు అందుబాటులో ఉన్న ప్రాంతమే.

ఇక ఏఐ కోర్సు మీద నాకున్న అనుమానాలు దాచుకోకుండా చెప్తాను. మీరు చదివిన వార్తే ఈ రాష్ట్రంలో ప్రతి ఇంట్లోనూ చదివారు. బాగా నడిచే కాలేజీలకు ఒక బ్రాంచిలో ఇన్నే సీట్లన్న పరిమితిని, దేశంలో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. కాలేజీలు కంప్యూటర్ సీట్లు పెంచుకుంటూ పోతున్నాయి. ఒకే ఏడాది లోపలికెళ్లినవాళ్లంతా ఒకే ఏడాది బయటికొస్తారు. పైగా ఫ్రెషర్లకిచ్చే చిన్నాచితకా కోడింగ్ పనిని ఇప్పుడు ఆ ఏఐ తోనే చేయిస్తున్నారు. కొన్నిచోట్ల బోర్డు మీద బ్రాంచి పేరు మారిందే తప్ప పాఠం చెప్పేవాళ్లు మారలేదు. లెక్కలు, ప్రోగ్రామింగ్ అంటే ప్రాణం పెట్టే పిల్లలు ఈ కోర్సులో తప్పకుండా రాణిస్తారు, వాళ్లను నేను ఆపను. ఇష్టం లేని పిల్లను అందులోకి తోయడమే నాకు నచ్చదు.

అసలు డేటా సెంటర్లో జరిగే పనేమిటో చూశారా? వరసగా సర్వర్లు, వాటికి క్షణం ఆగకుండా కరెంటు, వాటి వేడి తగ్గించడానికి రాత్రీపగలూ కూలింగ్. సబ్‌స్టేషన్, ట్రాన్స్‌ఫార్మర్లు, యూపీఎస్, డీజిల్ జనరేటర్లు, చిల్లర్లు చూసుకునేవాళ్లు అక్కడ కావాలి. కట్టేటప్పుడు వేల మందికి పని దొరుకుతుంది, నడిపేటప్పుడు చాలా తక్కువ మంది చాలు. ఏఐ మోడళ్లు రాసే ఇంజనీర్లు ఆ ఆవరణలోనే కూర్చోవాలన్న నియమమేమీ లేదు. అంటే గూగుల్ పేరు చెప్పి మీరు వద్దంటున్న ఎలక్ట్రికలే ఆ గేటుకు దగ్గర దారి.

పోల్చమన్నారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. కంప్యూటర్ బ్రాంచిలో మంచి కంపెనీ దొరికితే మొదటి జీతం ఎక్కువ, కానీ మొదటి పోస్టింగ్ హైదరాబాదో బెంగళూరో అయ్యే అవకాశమే ఎక్కువ. మీరు భయపడేది సరిగ్గా దానికే. ఎలక్ట్రికల్‌లో మొదటి జీతం తక్కువగా ఉండొచ్చు, షిఫ్టులుంటాయి, కొన్ని ప్లాంట్లు అమ్మాయిలను తీసుకోవడానికి ఇంకా వెనకాడతాయి. ఇవి నిజాలే. మరోపక్క స్టీల్‌ప్లాంటు, రిఫైనరీ, పోర్టు, షిప్‌యార్డు, పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి, పూడిమడకలో రాబోయే గ్రీన్ హైడ్రోజన్, ఫార్మా యూనిట్లు అన్నీ కరెంటు మీదే నడుస్తాయి. ఇంటింటికీ కరెంటిచ్చే పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ప్రధాన కార్యాలయమే సీతమ్మధారలో ఉంది. 30 మందీ, ఆపైన ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం కూడా ఉంది. కావాలంటే పైథాన్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లొచ్చు, చాలా ఐటీ కంపెనీలు ఏ బ్రాంచి వాళ్లనైనా తీసుకుంటాయి. కాబట్టి టెన్షన్ పడకండి. ఈఈఈలో, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్‌లో చేరితే పాప భవిష్యత్తు పాడైపోదు.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని మందలించక తప్పదు. ఇంత రాశారు, పాప ఎలక్ట్రికల్ ఎందుకు ఇష్టమందో ఒక్క వాక్యం లేదు. అడిగారా అసలు? కాంట్రాక్టు జీతం మీద మేనేజ్‌మెంట్ సీటుకు లక్షలు అప్పు చేసి, ఆ పిల్ల అడగని కోర్సు చదివించి, పైగా ఊరు దాటొద్దని కట్టడి చేస్తే, ఆ అప్పు భారం, మీ భయం రెండూ ఆమె నెత్తి మీదే పెట్టినట్టు. ఇరవై రెండేళ్ల అమ్మాయి చేతికి వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వస్తే వెళ్లాలా వద్దా అన్నది అప్పుడు ఆమెతో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. ఇప్పుడే తీర్పు చెప్పేయకండి.

అడ్వాన్సు ఎవరికీ కట్టొద్దు. కన్వీనర్ కోటాలో ఈఈఈ ఏయే కాలేజీల్లో వచ్చేలా ఉందో చూడండి. ఆ కాలేజీలకు పాపను వెంటబెట్టుకుని వెళ్లి, నిరుడు పాసైన ఈఈఈ బ్యాచ్‌లో ఎవరు ఏ కంపెనీలో, ఏ ఊళ్లో, ఏ పనిలో చేరారో జాబితా అడగండి. ఫ్లెక్సీ మీది ప్యాకేజీ అంకెతో సరిపెట్టుకోవద్దు. ఎలక్ట్రికల్ ల్యాబ్ తెరిపించి చూడండి. ఆ వివరాలు పంపితే ఆప్షన్లు ఏ వరసలో పెట్టాలో చెప్తాను. ఈసారి ఉత్తరం మాత్రం పాపతో రాయించండి.