డీజేయింగ్‌కు ఎక్కువ కాలం మన్నే, చెవులను నొప్పించని హెడ్‌ఫోన్లను ఎలా ఎంచుకోవాలి?

మీరు అడిగినవి మూడు విషయాలు. ఇంట్లో పాటలు వినే హెడ్‌ఫోన్లనే కంట్రోలర్‌కు (డీజే పాటలను నడిపి కలిపే పరికరం) వాడుతుంటే పిన్ దగ్గర తీగ తెగి ఒక వైపు వినిపించడం మానేసింది కాబట్టి ఈసారి గట్టివి కావాలన్నది మొదటిది. కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగైదు గంటల కార్యక్రమం చేసినా చెవులు నొప్పి పుట్టకూడదన్నది రెండోది. బ్లూటూత్‌వి కొంటే తీగ తెగే బాధే ఉండదు కదా అన్నది మూడోది. నేను డీజేగా పనిచేస్తూ, తోటి డీజేల హెడ్‌ఫోన్లు పాడైతే విప్పి బాగుచేస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాటిలో లోపలి స్పీకరే కాలిపోయినవి చాలా అరుదు. కేబుల్, కీలు, ఇయర్‌ప్యాడ్ ఈ మూడింటిలో ఏదో ఒకటి పోయినవే దాదాపు అన్నీ. అందువల్ల ధ్వని ఎంత గొప్పగా ఉందన్న ప్రశ్నను కాస్త వెనక్కి నెట్టి, ఏ భాగం పోతే ఆ భాగాన్ని విడిగా కొని మార్చుకోగలమా అన్నది ముందు చూడమని చెబుతాను.

ముందుగా బ్లూటూత్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందులో సందేహానికి చోటు లేదు. సాధారణ బ్లూటూత్‌లో ధ్వని చెవికి చేరేసరికి 150 నుంచి 250 మిల్లీసెకన్ల వరకు ఆలస్యం అవుతుంది. 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) వేగంతో నడిచే పాటలో ఒక బీట్‌కూ మరో బీట్‌కూ మధ్య ఉండే వ్యవధి సుమారు 469 మిల్లీసెకన్లు మాత్రమే. అంటే మీరు హెడ్‌ఫోన్లో వినే కిక్ (బీట్‌ను నడిపే డ్రమ్ దెబ్బ), గదిలో మోగే కిక్ కంటే మూడో వంతు నుంచి సగం బీట్ వరకు వెనకబడి ఉంటుంది. అలాంటి స్థితిలో చెవితో బీట్‌మ్యాచింగ్ (రెండు పాటల బీట్లు ఒకేసారి పడేలా కలపడం) చేయడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా సాధ్యం కాదు. తక్కువ ఆలస్యంతో పనిచేసే ప్రత్యేక ట్రాన్స్‌మిటర్ ఉన్న వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు డీజేల కోసమే వస్తున్నాయి గానీ, వాటికి చార్జింగ్ పెట్టుకోవడం, ట్రాన్స్‌మిటర్‌ను వెంట తీసుకెళ్ళడం మరో రెండు బాధ్యతలవుతాయి. కొత్తగా కార్యక్రమాలు మొదలుపెడుతున్న మీకు తీగ ఉన్నవే సరైనవి.

అయితే ఆ తీగ ఎలాంటిదన్నది చాలా ముఖ్యం. హెడ్‌ఫోన్ నుంచి ఊడదీయడానికి వీలులేని కేబుల్ ఉన్నవాటిని డీజే పనికి నేను సిఫారసు చేయను. కేబుల్ తెగేది దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే: పిన్ వెనక ఉండే రబ్బరు గొట్టం చివర, లేదా ఇయర్‌కప్‌లోకి దూరే చోట. లోపలి రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగుతూ వస్తాయి కాబట్టి మొదట్లో తీగను కదిపినప్పుడు మాత్రమే గరగరమని వినిపిస్తుంది. ఆ చప్పుడు మొదలైతే మరికొన్ని కార్యక్రమాలకు ఆ వైపు పూర్తిగా ఆగిపోతుందని అనుకోవచ్చు. కేబుల్ ఊడేదైతే సంచిలో ఉన్న రెండో కేబుల్ తగిలించి పాట ఆగకముందే పని కొనసాగించవచ్చు. ఊడనిదైతే ఆ రాత్రికి ఒక చెవితోనే సర్దుకోవాలి, మర్నాడు విప్పి టంకం పెట్టాలి. ఊడే కేబుల్‌లోనూ తాళం పడే ఏర్పాటు ఉందో లేదో చూడండి: మినీ ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్ అయితే క్లిక్ మని పట్టుకుంటుంది, మరికొన్నింటిలో చిన్న పిన్నును లోపలికి నెట్టి తిప్పితే బిగుసుకుంటుంది. ఏ తాళమూ లేకుండా ఊరికే దూర్చేవి మిక్సర్ (పాటల ధ్వనిని కలిపే యంత్రం) ముందు వంగి లేచేటప్పుడు ఊడిపోతాయి.

చుట్టలు చుట్టలుగా ఉండే కేబుల్ మంచిదా, సాదా కేబుల్ మంచిదా అన్న వాదన డీజేల మధ్య ఎప్పటినుంచో ఉంది. నా ఓటు చుట్టల కేబుల్‌కే, ఎందుకంటే పక్కనున్న రెండో డెక్ (పాటను నడిపే ప్లేయర్) దగ్గరికి జరిగినప్పుడు అది సాగుతుంది, తిరిగి వచ్చినప్పుడు కాళ్ళకు అడ్డం పడకుండా ముడుచుకుంటుంది. కానీ దాని బరువు ఒకే ఇయర్‌కప్‌ను కిందికి లాగుతూ ఉంటుందన్న మాట నిజమే. తేలికపాటి హెడ్‌ఫోన్లకైతే ఆ లాగుడు మెడకు తెలుస్తుంది. 6.3 మిల్లీమీటర్ల అడాప్టర్ మాత్రం మరలాగా తిప్పి బిగించేదే తీసుకోండి. ఊరికే తొడిగేది ఏదో ఒక రోజు మిక్సర్ జాక్‌లోనే ఉండిపోయి, మీ చేతికి పిన్ మాత్రమే వస్తుంది.

ఇక కీళ్ళు. మడిచి సంచిలో పెట్టుకునే సౌకర్యం అందరికీ నచ్చుతుంది గానీ, ఎన్ని మడతలుంటే విరగడానికి అన్ని చోట్లు ఉన్నట్టే. అంతకంటే ముఖ్యమైనది బయటికి కనిపించని సంగతి: కేబుల్ ఒకే వైపు ఉన్న హెడ్‌ఫోన్లలో రెండో ఇయర్‌కప్‌కు వెళ్ళే సన్నటి తీగ హెడ్‌బ్యాండ్ లోపలి నుంచి, కీలు గుండా వెళుతుంది. మడిచిన ప్రతిసారీ, ఇయర్‌కప్‌ను తిప్పిన ప్రతిసారీ ఆ వెంట్రుకంత తీగ నలుగుతుంది. కొత్త కేబుల్ వేసినా ఒక వైపు రావడం లేదని నా దగ్గరికి తెచ్చేవాటిలో చాలావరకు అక్కడ తెగినవే. కొనేముందు ఇయర్‌కప్‌ను నెమ్మదిగా రెండు వైపులా తిప్పి, కీలు దగ్గర తీగకు కాస్త వదులు ఉందా, లేక బిగుసుకుని లాగుతోందా అన్నది గమనించండి. హెడ్‌బ్యాండ్‌ను రెండు చేతులతో వెడల్పుగా సాగదీసినప్పుడు కిర్రుమంటే, పొడవు పెంచే పట్టీ సన్నటి ప్లాస్టిక్‌తో చేసినదైతే, దానిని వదిలేయడమే మంచిది. కప్పు లోపల ప్యాడ్ తీసినప్పుడు స్క్రూలు కనిపిస్తే బాగుచేయవచ్చు, జిగురుతో అతికించి ఉంటే విప్పే క్రమంలోనే సగం పాడవుతుంది.

సౌకర్యం విషయంలో చాలామంది రెండు చెవులకూ పెట్టుకుని పది నిమిషాలు పాట విని బాగుందని కొనేస్తారు. డీజే హెడ్‌ఫోన్లను అలా వాడడు. ఒక చెవితో రాబోయే పాటను క్యూలో (జనానికి వినిపించకముందే హెడ్‌ఫోన్లో) వింటూ, మరో చెవితో బూత్ మానిటర్‌ను (డీజే పక్కనుండే స్పీకర్) వినాలి కాబట్టి, సగం సమయం ఒక కప్పు చెవి వెనకకు జరిపి ఉంటుంది, లేదా హెడ్‌ఫోన్ మెడకు వేలాడుతూ ఉంటుంది, లేదా భుజానికీ చెవికీ మధ్య నొక్కి పట్టి ఉంటుంది. అందుకే దుకాణంలో ఆ మూడు భంగిమలూ ప్రయత్నించండి. ఒక కప్పును వెనక్కి తిప్పినప్పుడు ఆ అంచు మీ చెవి వెనక ఎముకను గుచ్చుతుందా, మెడకు వేసుకున్నప్పుడు కప్పులు గడ్డానికి తగులుతూ తల తిప్పనివ్వకుండా చేస్తాయా అన్నది అక్కడే తెలిసిపోతుంది. రెండు చెవులకూ పెట్టుకుని వినే అలవాటు మీకుంటే, మిక్సర్‌లో స్ప్లిట్ క్యూ మీట ఉందేమో చూడండి. ఒక చెవిలో క్యూ, రెండో చెవిలో మాస్టర్ (జనానికి వినిపించే పాట) వినిపిస్తే హెడ్‌ఫోన్‌ను మాటిమాటికీ జరపాల్సిన పని తగ్గుతుంది.

కళ్ళద్దాలు పెట్టుకునేవారికి ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చెవి మీద ఆనించే రకం హెడ్‌ఫోన్లు చెవిని కళ్ళద్దాల కాడకు అదుముతాయి, గంట దాటేసరికి చెవి పైభాగం మండుతుంది. చెవి మొత్తాన్ని కప్పే రకంలో ప్యాడ్ లోతుగా, మెత్తగా ఉంటే కాడ ఆ మెత్తదనంలోకి దిగిపోతుంది గానీ, కాడ దగ్గర ఏర్పడే సందు గుండా బేస్ జారిపోయి, కిక్ పలచగా వినిపిస్తుంది. అలాంటప్పుడు హెడ్‌ఫోన్‌ను తప్పుపట్టకుండా ముందు కళ్ళద్దాలు తీసి ఒకసారి వినండి. తేడా ఎక్కువగా ఉంటే సన్నటి కాడలున్న కళ్ళద్దాలు వాడడం మంచి మార్గం. నాలుగైదు గంటలు అన్నారు కాబట్టి, మీకు చెవిని కప్పే రకమే సరిపోతుందని నా అభిప్రాయం.

పట్టు గట్టిగా ఉంటే తల నొక్కుకుపోతుంది, వదులుగా ఉంటే బయటి హోరు లోపలికి వస్తుంది. ఈ రెండింటి మధ్య ఎంపిక చేసేటప్పుడు చెవి ఆరోగ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని గట్టిగా చెబుతున్నాను. బయటి హోరు ఎంత ఎక్కువగా చొరబడితే క్యూ వాల్యూమ్‌ను అంత పెంచుతాం. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు గడపవచ్చు. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగం చొప్పున తగ్గుతూ, 100 డెసిబెల్స్ వచ్చేసరికి 15 నిమిషాలకు పడిపోతుంది. కాబట్టి బయటి శబ్దాన్ని బాగా అడ్డుకునే, వెనక భాగం మూసి ఉండే హెడ్‌ఫోన్లే తీసుకోండి. వెల్వెట్ లాంటి బట్ట ప్యాడ్లు చర్మానికి హాయిగా ఉంటాయి గానీ శబ్దాన్ని అంతగా ఆపవు. బ్యాటరీతో పనిచేసే నాయిస్ క్యాన్సిలేషన్ విమానంలోని నిలకడైన హోరుకు పనికొస్తుంది, బూత్‌లో ఎగిసిపడే బేస్‌కు అంతగా పనికిరాదు.

పెట్టె మీద రాసే అంకెల గురించి క్లుప్తంగా చెబుతాను. 40 కిలోహెర్ట్జ్ వరకు వినిపిస్తుందన్న ప్రకటనను పట్టించుకోకండి, మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినలేదు. ఇంపెడెన్స్ (విద్యుత్ ప్రవాహానికి హెడ్‌ఫోన్ కలిగించే అడ్డు) 32 నుంచి 70 ఓమ్‌ల మధ్య ఉంటే చిన్న కంట్రోలర్‌తో కూడా సరిపడా శబ్దం వస్తుంది. స్టూడియోల కోసం చేసే 250 ఓమ్‌లవి తీసుకోకండి.

కొన్ని పేర్లు కూడా చెబుతాను. 1988 నుంచి తయారవుతున్న సెన్‌హైజర్ హెచ్‌డీ 25ను ఇప్పటికీ డీజేలు వాడడానికి కారణం దాని ధ్వని ఒక్కటే కాదు. కేబుల్, ప్యాడ్లు, స్పీకర్లు అన్నీ విడివిడిగా దొరుకుతాయి, రెండో వైపుకు వెళ్ళే తీగ కూడా కేబుల్‌లో భాగమే కాబట్టి కేబుల్ మారిస్తే అదీ మారిపోతుంది, కేబుల్ లేకుండా బరువు 140 గ్రాములే. అయితే అది చెవి మీద ఆనే రకం, కళ్ళద్దాల విషయం పైన చెప్పాను. చెవిని కప్పే రకంలో పయనీర్ డీజే హెచ్‌డీజే-ఎక్స్10కు మినీ ఎక్స్‌ఎల్‌ఆర్ తాళం ఉన్న కేబుల్ వస్తుంది. ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ స్టూడియో కోసం చేసినదే అయినా ఇయర్‌కప్పులు 90 డిగ్రీలు తిరుగుతాయి, కేబుల్ ఊడుతుంది, 38 ఓమ్‌లు కాబట్టి కంట్రోలర్‌కు భారం కాదు. అన్ని భాగాలూ విడివిడిగా కొని కూర్చుకునే పద్ధతి నచ్చితే డెన్మార్క్ సంస్థ ఏఐఏఐఏఐ చేసే టీఎంఏ-2 ఉంది. మీరు చెప్పిన అవసరాలకు నేనైతే మధ్యలో చెప్పిన రెండింటినీ కళ్ళద్దాలతో పెట్టుకుని చూసి, మెడకు ఏది హాయిగా ఉంటే అది తీసుకుంటాను.

కొన్న రోజునే మరో కేబుల్, మరో జత ప్యాడ్లు కూడా తీసి పెట్టుకోండి, ఆ మోడల్ ఆగిపోయాక వెతకడం కష్టం. రెక్సిన్ ప్యాడ్ల పైపొర చెమటకూ వేడికీ పొరలు పొరలుగా లేస్తుంది కాబట్టి కార్యక్రమం అవగానే పొడి గుడ్డతో తుడిచి, ఆరిన తరువాతే సంచిలో పెట్టండి. కేబుల్‌ను హెడ్‌ఫోన్ చుట్టూ బిగించి చుట్టకుండా, ఊడదీసి వదులుగా చుట్టి పక్కన పెడితే పిన్ దగ్గర తెగే సమస్య చాలావరకు తగ్గుతుంది. మీ పాత హెడ్‌ఫోన్‌ను కూడా పారేయకండి. పిన్‌కు రెండు అంగుళాల పైన తీగ కోసి, కొత్త పిన్ టంకం పెట్టిస్తే ఇంట్లో సాధనకు అది ఇంకా పనికొస్తుంది.