డాక్టర్ సలహా: పన్నెండు వేల కీబోర్డు కొనే ముందు మౌస్‌ని ఎడమ చేతికి ఇచ్చి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. రాజమండ్రిలో ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. పదిహేనేళ్లుగా రోజూ ఎనిమిది తొమ్మిది గంటలు ట్యాలీ, ఎక్సెల్ మీదే పని. నాలుగు నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేస్తోంది. లేచి చెయ్యి విదిలిస్తే కాస్త తగ్గుతుంది. జీఎస్టీ రిటర్నుల రోజుల్లో మరీ ఎక్కువ. బెంగళూరులో ఉన్న మా తమ్ముడు రెండు ముక్కలుగా ఉండే కీబోర్డు, నిలువుగా పట్టుకునే మౌస్ కొనుక్కోమంటున్నాడు. రెండూ కలిపి పన్నెండు వేలట. పక్క సీటు ఆవిడ మణికట్టు కింద పెట్టుకునే జెల్ ప్యాడ్ చాలంటున్నారు. ఏది కొనాలి? ఆపరేషన్ దాకా వెళ్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, రాజమండ్రి

సమాధానం: మీరు రాసినదాంట్లో కీబోర్డు, మౌస్ సంగతుల కన్నా రాత్రి రెండింటికి లేచి చెయ్యి విదిలించడం నన్ను ముందు ఆపింది. ఈ ఒక్క మాట వింటే చాలామంది డాక్టర్లకు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ గుర్తొస్తుంది. అరచేయి మొదట్లో ఎముకలు చిన్న తొట్టిలా అమరి ఉంటాయి, దాని మీద మూతలా గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. ఆ ఇరుకు సందే కార్పల్ టన్నెల్. దానిలోంచే వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు (కండరాలను ఎముకలకు కలిపే తాళ్లలాంటివి), వాటితోపాటు మీడియన్ నరం అరచేతిలోకి వెళ్లాలి. లోపల కాస్త వాపు వచ్చినా ముందు నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం ఈ నరం కిందికి వస్తాయి. చిటికెన వేలు వేరే నరానిది. మీరు చిటికెన వేలి పేరు ఎత్తలేదు, అదీ ఒక ఆధారమే. నిద్రలో మనకు తెలియకుండా మణికట్టు మడిచి పడుకుంటాం కాబట్టి బాధ రాత్రి పెరుగుతుంది.

ఉత్తరం చూసి రోగం పేరు ఖాయం చేయడం సరికాదు. మెడలో నరం నొక్కుకున్నా ఇలాగే అనిపించవచ్చు, అయితే అప్పుడు మెడ దగ్గర మొదలై చెయ్యి పొడవునా నొప్పి లాగుతుంది. దగ్గరలోని ఎముకల డాక్టర్‌కో న్యూరాలజిస్ట్‌కో ఒకసారి చూపించుకోండి. వాళ్లు మణికట్టును ఒక నిమిషం మడిచి ఉంచి తిమ్మిరి వస్తుందేమో చూస్తారు, అవసరమైతే నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో కొలిచే పరీక్ష రాస్తారు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు మాత్రం తప్పకుండా చేయించుకోండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, షుగర్ ఉన్నా ఈ సమస్య రావడం ఎక్కువ. కీళ్లవాతం, గర్భం, అధిక బరువు కూడా కారణాలే. మగవాళ్ల కన్నా ఆడవాళ్లకే ఎక్కువగా వస్తుంది. పన్నెండు వేలు పెట్టి కీబోర్డు కొన్నాక అసలు సంగతి థైరాయిడ్ అని తేలితే మీ తమ్ముడి మీద కోపం వస్తుంది.

ఇంకో మాట. తిమ్మిరి అనగానే మందుల షాపుకెళ్లి ‘నరాల బలానికి’ ఇంజెక్షన్లు పొడిపించుకోవడం మన దగ్గర బాగా అలవాటు. బీ12 తక్కువైతే వేయించుకోవాల్సిందే, కానీ అది రక్త పరీక్షలో తెలియాలి. బీ6 నెలల తరబడి ఎక్కువ మోతాదులో పడితే దానివల్లే నరాలు దెబ్బతింటాయి.

ఇక మీ టేబుల్ దగ్గరికి వద్దాం. కీబోర్డు మీద టైపు చేయడం వల్లే కార్పల్ టన్నెల్ వస్తుందని గట్టి రుజువు లేదు. గంటల తరబడి మౌస్ వాడకానికి దీనితో కొంత సంబంధం కనిపించింది గానీ, అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. ఉన్న బాధ మాత్రం పనిలో పెరుగుతుందన్నది నిజం. మీ విషయంలో నాకు అనుమానం నంబర్ ప్యాడ్ మీద. అంకెలు కొట్టేది కుడిచేయి, మౌస్ పట్టేదీ కుడిచేయి. పైగా నంబర్ ప్యాడ్ కుడి పక్కన ఉండటంతో మౌస్ ఇంకా అవతలికి పోతుంది. చెయ్యి చాపి, భుజం పక్కకి తెరిచి, మణికట్టు బయటికి వంచి పట్టుకోవాలి. ఎడమ చేయి ఏం చేస్తోంది? కాగితాలు తిప్పుతూ ఉంటుంది.

అందుకే మౌస్‌ని ఎడమ వైపు పెట్టమంటాను. పైసా ఖర్చు లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో మౌస్ దగ్గర ప్రైమరీ బటన్‌ని కుడికి మారిస్తే చూపుడువేలితోనే క్లిక్ చేయొచ్చు. ఇంట్లో కంప్యూటర్ మీద నేనూ ఇలా మార్చుకున్నాను. మొదటి వారం చిరాకుతో మౌస్‌ని విసిరేయాలనిపించింది, మూడో వారానికి మర్చిపోయాను. మీరు రిటర్నులు లేని రోజుల్లో, అంటే ఇరవయ్యో తారీఖు దాటాక మొదలుపెట్టండి. పదకొండు లోపు జీఎస్టీఆర్-1, ఇరవై లోపు 3బి అని పరుగులు పెట్టే సమయంలో కొత్త అలవాటు నేర్చుకోలేరు. ఎడమ చేయి ఎంతకీ కుదరకపోతే, నంబర్ ప్యాడ్ లేని చిన్న కీబోర్డు ఒకటి, విడిగా దొరికే నంబర్ ప్యాడ్ ఒకటి తీసుకోండి. ఆ ప్యాడ్‌ని మీ చేతికి ఎక్కడ అనువుగా ఉంటే అక్కడ పెట్టుకోవచ్చు.

మౌస్ మీద చేసే పనుల్లో మణికట్టుకి ఎక్కువ శ్రమ పెట్టేది బటన్ నొక్కిపట్టి లాగడం. అలా లాగేటప్పుడు కార్పల్ టన్నెల్‌లో ఒత్తిడి పెరుగుతుందని కొలిచి చూశారు. ఎక్సెల్‌లో వరసలు సెలెక్ట్ చేయడానికి మౌస్‌తో కిందికి లాగకండి. కంట్రోల్, షిఫ్ట్ నొక్కి కింది బాణం కొడితే మధ్యలో ఖాళీ గడి లేనంత వరకు ఒక్కసారే సెలెక్ట్ అవుతుంది. పై గడిలోది కిందికి నింపడానికి కంట్రోల్ డి ఉంది. లాగక తప్పని పనులుంటే మౌస్ ప్రాపర్టీస్‌లో క్లిక్‌లాక్ అనేదానికి టిక్కు పెట్టండి. ఒకసారి కాసేపు నొక్కి వదిలితే చాలు, వేలు పట్టి ఉంచకపోయినా పట్టు నిలుస్తుంది. పాయింటర్ వేగం కొంచెం పెంచండి, చెయ్యి తక్కువ కదిలితే సరిపోతుంది. మరీ పెంచితే గురి కుదరక మౌస్‌ని బిగించి పట్టుకుంటారు, అది ఇంకా చెడ్డది. ట్యాలీలో ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్ అని మీకు నేను చెప్పనక్కర్లేదు. మౌస్ పని ఎక్కువయ్యేది జీఎస్టీ పోర్టల్‌లోనూ, ఎక్సెల్‌లోనూ.

కీబోర్డు కింద రెండు చిన్న కాళ్లుంటాయి. చాలామంది వాటిని లేపి పెడతారు. మడిచేయండి. అవి లేస్తే కీబోర్డు వెనక భాగం పైకి లేచి, మణికట్టు వెనక్కి విరిచి టైపు చేయాల్సి వస్తుంది. మన ఆఫీసు టేబుళ్లు మామూలుగా 75 సెంటీమీటర్ల ఎత్తుంటాయి, కాస్త పొట్టిగా ఉన్నవాళ్లకు అది ఎక్కువే. మోచేతులు టేబుల్ ఎత్తుకి వచ్చేదాకా కుర్చీ పైకి లేపండి. కాళ్లు నేలకి అందకపోతే కింద పీటో, పాత ఫైళ్ల కట్టో వేసుకోండి. ఆడిటర్ ఆఫీసులో పాత ఫైళ్లకు కొదవేముంది!

జెల్ ప్యాడ్ సంగతి. టైపు చేస్తున్నంతసేపూ మణికట్టును దాని మీద ఆనిస్తే, నేను పైన చెప్పిన ఆ ఇరుకు సందునే కిందనుంచి నొక్కినట్టు. ఆపి ఆలోచించేటప్పుడు అరచేతి మడమను ఆనించడానికైతే సరే. రెండు ముక్కల కీబోర్డు మణికట్టు పక్కకి వంగడాన్ని తగ్గిస్తుంది. రోజంతా అక్షరాలు టైపు చేసేవాళ్లకు, భుజాలు విశాలంగా ఉన్నవాళ్లకు మంచిదే. మీరు కొట్టేవి అంకెలు, అలాంటి కీబోర్డుల్లో చాలావాటికి నంబర్ ప్యాడే ఉండదు. నిలువు మౌస్ ముంజేతి మెలికను తగ్గిస్తుంది, ముంజేయి నొప్పికి కొందరికి హాయిగా ఉంటుంది. కార్పల్ టన్నెల్‌లో ఒత్తిడిని తగ్గిస్తుందని మాత్రం తేలలేదు. ఇప్పుడు వాడుతున్న మౌస్ మీ చేతికి మరీ చిన్నదైతే, చెయ్యి నిండా పట్టేది ఒకటి మార్చుకోండి. అంతకు మించి ఖర్చు ఇప్పుడు వద్దు.

ఖర్చు పెట్టదలిస్తే మణికట్టు స్ప్లింట్ మీద, అంటే మణికట్టు వంగకుండా పట్టి ఉంచే పట్టీ మీద పెట్టండి. మందుల షాపుల్లో, ఆర్థో సామాన్ల షాపుల్లో దొరుకుతుంది, కొన్ని వందలే. రాత్రి పడుకునేటప్పుడు కట్టుకోవాలి, ఆరు వారాలు మానకుండా. ఒక చిన్న విషయం ఉంది. చాలా స్ప్లింట్‌ల లోపలి రేకు మణికట్టును వెనక్కి విరిచేలా వంచి ఉంటుంది. రేకు బయటికి తీసి, చేత్తో వంచి దాదాపు నిటారుగా చేసి మళ్లీ పెట్టండి. మణికట్టు తిన్నగా ఉన్నప్పుడే నరం మీద ఒత్తిడి తక్కువ. పగలు మౌస్ పట్టేటప్పుడు కట్టుకోకండి, స్ప్లింట్‌తో పోట్లాడుతూ పని చేస్తారు.

ఇంటి పనులూ చూసుకోండి. బట్టలు పిండటం, చపాతీలు ఒత్తడం, పడుకుని ఫోన్ పట్టుకోవడం, గతుకుల రోడ్డు మీద స్కూటీ హ్యాండిల్ బిగించి పట్టుకోవడం ఈ నరానికి పడవు. తిమ్మిరి తగ్గేదాకా బట్టలు ఎవరైనా పిండితే బాగుంటుంది. ఇంట్లో ఈ ముక్క చదివి వినిపించండి.

ఆపరేషన్ గురించి భయం వద్దు. తొలి దశలో స్ప్లింట్‌తోనో, అవసరమైతే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తోనో చాలామందికి సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే చేసేది చిన్న ఆపరేషనే, సాధారణంగా చేతికి మాత్రమే మత్తు ఇచ్చి ఆ గట్టి పట్టీని కోసి నరానికి చోటు చేస్తారు. అయితే వేళ్లు పగలూ రాత్రీ మొద్దుబారిపోయినా, చేతిలోంచి గ్లాసు, తాళాలు జారిపడుతున్నా, బొటనవేలి మొదట్లో కండ పల్చబడినా వెంటనే వెళ్లండి. కండ ఒకసారి కరిగాక పూర్తిగా తిరిగి రావడం కష్టం.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక పని చేయండి. మీరు టేబుల్ దగ్గర పని చేస్తుండగా పక్కనుంచి ఒక ఫొటో, పైనుంచి ఒక ఫొటో తీయమని పక్క సీటు ఆవిడని అడగండి. సర్దుకుని కూర్చోకండి, రోజూ ఎలా కూర్చుంటారో అలాగే తీయించుకుని ఫోన్‌లో తీసుకెళ్లండి.