క్రిస్టీ నవలల్లో నీకు నచ్చినది చెప్పే ముందు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ స్నేహితులంతా ఒక ఆదివారం కలిసి, అగాథా క్రిస్టీ డిటెక్టివ్ నవలల్లో ఎవరికి ఏది ఇష్టమో చెప్పుకోబోతున్నారని, దాన్ని నడిపించే పని నీ మీద పడిందని రాశావు. టెన్షన్ పడాల్సిందేమీ లేదు. కాకపోతే ఇలాంటి కబుర్లలో ఒక చిక్కుంది. వేరే నవలైతే ఎందుకు నచ్చిందో చెబుతూ కథంతా చెప్పేసినా కొంపేం మునిగిపోదు. ఇక్కడ ఒక్క మాట నోరు జారినా పక్కవాళ్ళకి పుస్తకమే మిగలదు.

హంతకుడెవరో చెప్పకూడదని అందరికీ తెలుసు. 'ముగింపు చదివితే దిమ్మ తిరిగిపోతుంది' అని కూడా ఎవరినీ అననివ్వకు. ఆ మాట విన్నవాడు మొదటి పేజీ నుంచే అందరికన్నా అమాయకంగా కనిపించే మనిషి మీద కన్నేసి కూర్చుంటాడు. 1926లో వచ్చిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్'ని పొగిడి పొగిడి పాడుచేసింది ఇలాంటి అభిమానులే. ముగింపు జోలికి పోకుండా దాని గురించి చెప్పడానికి బోలెడుంది. రిటైరై పల్లెటూరికొచ్చిన డిటెక్టివ్ పొయిరో పెరట్లో కూరగాయలు పండించబోయి, విసుగెత్తి ఒక కాయని గోడ మీంచి పక్కింట్లోకి విసిరేస్తాడు. ఆ పక్కింటి డాక్టరుగారికి కారొలైన్ అని ఒక అక్క ఉంది. గడప దాటకుండానే ఊళ్ళో సంగతులన్నీ ఆవిడకి తెలిసిపోతాయి. క్రిస్టీ ఇంకో డిటెక్టివ్ మిస్ మార్పుల్ పుట్టుకకి ఈ కారొలైనే కారణం కావచ్చని క్రిస్టీ తన ఆత్మకథలో రాసుకుంది. ఇంత సరుకుండగా చివరి పేజీల గురించి మాట్లాడటం దేనికి?

ఇక నీ వంతు. అరవై ఆరు నవలల్లో ఒకటి ఎలా ఎంచుకోవాలని అడిగావు. నా లెక్క ఒకటే: హంతకుడు తెలిశాక కూడా మళ్ళీ చదవబుద్ధేసేదే నీకు నచ్చిన నవల. ఈ లెక్కన తూస్తే పేరున్నవాటిలో కొన్ని తేలిపోతాయి. 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' నాకు ఇష్టమే, ఆ మంచులో ఆగిపోయిన రైలు ఎవరు మరిచిపోతారు! అయినా గుట్టు తెలిశాక మధ్యలో వరసగా సాగే విచారణలు కాస్త నీరసంగానే నడుస్తాయి.

నన్నడిగితే 'ఫైవ్ లిటిల్ పిగ్స్' అంటాను. పదహారేళ్ళ కిందట ఒక చిత్రకారుడు విషంతో చనిపోయాడు. నేరం భార్య మీద రుజువై, ఆవిడ జైల్లోనే పోయింది. తాను నిర్దోషినని ఆవిడ రాసిపెట్టిన ఉత్తరం పట్టుకుని కూతురు పొయిరో దగ్గరికొస్తుంది. పరిశీలించడానికి శవం లేదు, వేలిముద్రలు లేవు. ఆనాడు అక్కడున్న ఐదుగురి చేత జరిగింది రాయించుకుంటాడు. ఒకే రోజు, ఒకే తోట, ఐదు రకాల జ్ఞాపకాలు. రెండోసారి చదివినప్పుడు అసలు మజా తెలుస్తుంది: ఆధారాలన్నీ మన కళ్ళ ముందే పరిచి ఉంటాయి, మొదటిసారి మనమే వేరే అర్థం తీసుకుని ముందుకి పోయాం. అయినా నాకు నచ్చింది ఆ తెలివి ఒక్కటే కాదు. ఆ భార్యాభర్తలు కథ మొదలయ్యేసరికే పోయినవాళ్ళు, అయినా బతికున్నవాళ్ళకంటే వాళ్ళే మనతో ఉండిపోతారు.

నా ఇష్టాన్ని నీ ఇష్టం చేసుకోకు. మిస్ మార్పుల్ కావాలంటే 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' చూడు. ఫలానా ఇంట్లో ఫలానా వేళకి హత్య జరుగుతుందని ఊరి పేపర్లో ప్రకటన పడితే, ఇదేదో ఆట అనుకుని ఇరుగుపొరుగంతా తయారై వెళ్తారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక రేషను రోజులు, పక్కింట్లో దిగినవాళ్ళు అసలెవరో తెలియని రోజులు అందులో క్రిస్టీ భలే పట్టుకుంది. 'క్రూకెడ్ హౌస్' తనకి ప్రత్యేకంగా ఇష్టమని క్రిస్టీయే ముందుమాటలో చెప్పుకుంది. డెబ్బై దాటాక, 1967లో రాసిన 'ఎండ్‌లెస్ నైట్' అయితే ఈవిడేనా రాసింది అనిపించేలా ఉంటుంది. ఆఖరి రోజుల్లో వచ్చిన 'పోస్టర్న్ ఆఫ్ ఫేట్'ని మాత్రం కొత్తవాళ్ళ చేతిలో పెట్టనివ్వకు. అభిమానం వేరు, మొహమాటం వేరు.

ఇంకో జాగ్రత్త. ఆవిడ పుస్తకాల్లో కొన్ని పాతవాటి గుట్టు విప్పేస్తాయి. 'డంబ్ విట్‌నెస్'లో పొయిరో మాటల మధ్యలో నాలుగు పాత నవలల హంతకుల పేర్లు చెప్పేస్తాడు, అందులో అక్రాయిడ్ కేసు కూడా ఉంది. 'కార్డ్స్ ఆన్ ది టేబుల్'లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రహస్యం దొర్లుతుంది. ఈ రెండూ ఎవరైనా సిఫారసు చేస్తే, ముందు ఏవి చదివి రావాలో అక్కడే చెప్పేయి.

'కర్టెన్' ఎవరైనా తెస్తే వాళ్ళ వంతు ఆఖరికి పెట్టు. రెండో ప్రపంచ యుద్ధం నాడు రాసి దాచిన ఆ నవల 1975లో గానీ బయటికి రాలేదు. అది పొయిరో ఆఖరి కేసు. ఇందులో నేను బయటపెట్టిన రహస్యమేమీ లేదులే, ఆయన మరణవార్తని న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలోనే వేసేసింది. ఆ కథ జరిగేది స్టైల్స్ అనే ఇంట్లో. 1920లో వచ్చిన ఆవిడ మొదటి నవల 'ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్' జరిగిందీ ఆ ఇంట్లోనే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లోని టార్కీ అనే ఊరి ఆసుపత్రిలో మందులు కలిపే పని చేస్తూ రాసింది గనక స్ట్రిక్నిన్ అనే విషం గురించి అంత కచ్చితంగా రాయగలిగింది. ఆ మొదటి నవల చదవకుండా 'కర్టెన్' తెరవొద్దని అందరికీ చెప్పు. నా 'స్టైల్స్' కాపీకి అట్ట ఊడింది గానీ పేజీలన్నీ ఉన్నాయి. ఈసారి మీ అమ్మ వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను.

ఆశీస్సులతో,
మావయ్య